కలిసిపోయిన లైన్లు

"ఈ 'నువ్వు' ఎవరో కనిపెట్టండి చాలు. ఇంకేమీ అడగనండి మిమ్మల్ని."

భానుతేజ ఆ మాట అని చేతిలోని ప్రింటవుట్లు టేబుల్ మీద పెట్టాడు. ఎన్నిసార్లు మడిచి విప్పాడో, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి.

డిటెక్టివ్ రాజరాజేశ్వరి కాగితాలు ముట్టుకోలేదు. ముందు అతని ముఖం చూసింది. రావులపాలెం నుంచి ఒరిస్సాకి అరటిగెలలు తోలే లారీ యజమాని. భార్య సాయిదుర్గ మార్చిలో కనిపించకుండా పోయింది. ఇప్పుడు 2006 ఆగస్టు. పోలీసులు వెతకడం మానేశాక అతను రాజమండ్రి వచ్చి ఈ ఆఫీసు మెట్లెక్కాడు.

"పోయినసారి వచ్చినప్పుడు మీ ఆవిడ బతికుందో లేదో చెప్పమన్నారు. ఇప్పుడు మాట మారిందేం?"

"బతికే ఉందండి. ఇవన్నీ తను రాసినవే. ఇంటర్నెట్లో 'పడవరేవు' అని తెలుగువాళ్ళ ఫోరం ఉందండి. పెళ్ళికి ముందు నుంచీ అందులో కవితలు పెట్టేది. తను వెళ్ళిపోయాక నాలుగు నెలలు ఏమీ రాలేదు. జులై నుంచి మళ్ళీ వస్తున్నాయి, తన పేరుతోనే. సీఐగారికి చూపించాను. ఆయన చదివి నవ్వారండి."

"ఏమన్నారు?"

భానుతేజ కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "ఇది మొగుడికి రాసిన రాత కాదయ్యా అన్నారు."

"మీకేమనిపించింది?"

"తను నన్నెప్పుడూ మీరు అనే పిలిచేదండి. కోపం వచ్చినా మీరే. ఇందులో ప్రతిచోటా నువ్వు, నువ్వు." అతని గొంతు తగ్గింది. "నేను లోడుకి వెళ్తే వారం పది రోజులు ఇంట్లో ఉండనండి. ఆ రోజుల్లో తన మనసులో ఎవరున్నారో నాకు తెలీదు కదా. ఎవరైనా సరే, తను బాగుంటే చాలనుకున్నాను. అయినా రోజూ పొద్దున్నే నెట్ సెంటర్‌కి పోయి చూస్తున్నానండి, కొత్తది ఏమైనా పెట్టిందేమోనని."

రాజరాజేశ్వరి కాగితాలు దగ్గరికి లాక్కుంది. ఈ ఆఫీసు పెట్టకముందు ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఎదుటి మనిషి ఎక్కడ ఆగాడో, ఏ మాట మింగాడో వినడం అక్కడ అలవాటైంది. భానుతేజ ఏమీ మింగలేదు. అతను నిజమే చెబుతున్నాడు.

కేసు మొదటి భాగంలో దాపరికం లేదు. సాయిదుర్గ అన్న బుల్లిరాజుకు మండపేటలో రైసుమిల్లు ఉంది. జనవరిలో అక్కడ అబ్బులు అనే పనివాడు బాయిలర్ దగ్గర చనిపోయాడు. కాలు జారి పడ్డాడని మిల్లువాళ్ళు చెప్పారు. తన అన్న ఇనుప పారతో కొట్టగా చూశానని సాయిదుర్గ పోలీసులకు చెప్పింది. చూసిన మనిషి ఆమె ఒక్కతే. వచ్చే సోమవారం కోర్టులో చెప్పాల్సింది కూడా ఆమె ఒక్కతే. ఆమె రాకపోతే కేసు లేదు.

"ఇవి చూడండి," అంది రాజరాజేశ్వరి. "చాలావాటిలో ప్రతి వాక్యం చివరా ఏదో చెత్త ఉంది. కోణపు బ్రాకెట్లు, మధ్యలో బీ, ఆర్ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఇదేంటి?"

"తెలీదండి. పాత కవితల్లో అది ఉండేది కాదు. అందంగా ఉండేవి. ఏ లైను ఆ లైనే."

"ఆవిడ టైపు చేస్తుంటే చూశారా ఎప్పుడైనా?"

"చూశానండి. ఒక్క లైను పక్కకి జరిగినా పోస్టు తీసేసి మళ్ళీ పెట్టేది. ఒకసారి అన్నం చల్లారిపోతోందే అంటే, నా లైన్లు కలిసిపోయాయండీ, ఇది సరిచేస్తేగానీ ముద్ద దిగదు అంది."

రాజరాజేశ్వరి లేచి నిలబడింది. "పదండి. ఈ ఫోరంలో నేనూ ఒక పోస్టు పెట్టి చూస్తాను."

ఆఫీసు కింద వాటాలోనే నెట్ సెంటర్ ఉంది. ఆమె పడవరేవులో ఓ కొత్త పేరుతో చేరి, నోటికి వచ్చిన నాలుగు మాటలు నాలుగు లైన్లుగా టైపు చేసి పంపింది. తెర మీద నాలుగూ కలిసిపోయి ఒకే లైనుగా వచ్చాయి. రెండోసారి ప్రతి లైను చివరా ఆ బీ, ఆర్ గుర్తు పెట్టింది. లైన్లు విడిపోలేదు సరికదా, గుర్తులు ఉన్నవి ఉన్నట్టు తెర మీదికి వచ్చాయి. భానుతేజ కాగితాల్లో ఉన్నట్టే వచ్చాయి.

పేజీ పైభాగాన ఫోరం నడిపేవాళ్ళ ప్రకటన ఉంది. మే నెలలో ఫోరాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చామనీ, లైను విడగొట్టడానికి ఇంతకాలం వాడిన గుర్తు ఇక పనిచేయదనీ, బదులుగా టైపు చేసే పెట్టెపైన ఉన్న 'కవిత' అనే మీట నొక్కాలనీ అందులో రాశారు. రాజరాజేశ్వరి ఆ మీట నొక్కి మూడోసారి పంపింది. నాలుగు లైన్లూ ఒకదాని కింద ఒకటి చక్కగా వచ్చాయి.

ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. పక్కన నిలబడ్డ మనిషికి ఇది చెప్పక తప్పదు. చెప్పడం ఆమెకు ఇష్టం లేదు.

"భానుతేజగారూ, కాస్త కూర్చోండి."

"చెప్పండి, పరవాలేదు."

"ఆ గుర్తు పనిచేసింది మే వరకే. మీ ఆవిడ వెళ్ళింది మార్చిలో. అంటే ఈ కవితలు మార్చికి ముందే ఆ గుర్తులతో సహా ఎక్కడో రాసిపెట్టుకుంది. జులైలో వాటిని ఎవరో తీసి, ఉన్నవి ఉన్నట్టు అతికించారు. ఒక్క లైను జరిగితే అన్నం మానేసే మనిషి తన కవితలో ఇంత చెత్త పెట్టి వదిలేస్తుందా?"

భానుతేజ అప్పుడు కూర్చున్నాడు.

"అంటే ఈ నెలరోజులూ నేను చదివింది..."

"రాసింది ఆవిడే. పెట్టింది ఆవిడ కాదు."

"మరి తను ఉందా అండీ?"

"తెలీదు. తెలీని మాట చెప్పను. ఈ కవితలు ఎక్కడ దాచుకునేది?"

అతను చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "మాకు ఇంట్లో కంప్యూటర్ లేదండి. నేను లోడుకి వెళ్ళినప్పుడల్లా తను మండపేట వెళ్ళేది. వాళ్ళ అన్న మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ఉంది. అక్కడే రాసుకునేది."

*

మండపేట చేరేసరికి పన్నెండు కావస్తోంది. బుల్లిరాజు వకీలును చూడటానికి కాకినాడ వెళ్ళాడని గేటు దగ్గరే తెలిసింది. భానుతేజను వ్యానులోనే ఉండమని, రాజరాజేశ్వరి ఒక్కతే ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

కంప్యూటర్ ముందు ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మెడలో కర్చీఫు, ముందు ఖాళీ టీ గ్లాసు. అచ్చిబాబు. హెడ్ కానిస్టేబులుగా రిటైరై కాకినాడలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నవాడు. ఇంతకుముందు రెండు కేసుల్లో అతనూ ఆమె ఎదురుబొదురుగా పనిచేశారు. రెండింటిలోనూ ఒకరి దారి ఒకరికి నచ్చలేదు.

"రండి రాజరాజేశ్వరిగారూ. మీరొస్తారని తెలుసు. ఇంత ఆలస్యంగా వస్తారనుకోలేదు."

"బుల్లిరాజుగారు పెట్టుకున్నారా మిమ్మల్ని?"

"చెల్లెలు కనబడకపోతే అన్న వెతికించుకోడా అండి?" అచ్చిబాబు తెర మీది కిటికీ ఒకటి మూసేశాడు. తొందరపడకుండానే మూశాడు గానీ ఆమె చూసింది.

గది చిన్నది. ధాన్యం దుమ్ము అన్నిటి మీదా పేరుకుని ఉంది. బీరువా మీద, ఫోను మీద, ప్రింటరు మీద తెల్లగా పొర. కీబోర్డు మాత్రం నల్లగా మెరుస్తోంది. ఈ మధ్య ఎవరో దాన్ని రోజూ వాడుతున్నారు. పక్కన ఒక ఫ్లాపీ. దానిమీద అతికించిన కాగితం మీద గుండ్రటి చేతిరాతతో 'నావి' అని ఉంది.

"ఈ చేతిరాత సాయిదుర్గది కదండీ?"

"అయ్యుండొచ్చు."

"ఆవిడ కవితలు ఆవిడ పేరుతో ఫోరంలో పెడుతున్నది మీరేనా?"

అచ్చిబాబు నవ్వాడు. "ఆవిడ కవితలు ఆవిడే పెట్టుకుంటోంది. బతికుంది కాబట్టే పెట్టుకుంటోంది. అన్నగారికీ సంతోషం, మొగుడికీ సంతోషం. మధ్యలో మీ బాధేంటండి?"

"ఆవిడే అయితే లైన్లు అలా వదిలేయదు."

"లైన్లేంటండి?"

అతనికి నిజంగానే అర్థం కాలేదని ఆమెకు తెలిసింది. ఏడు పోస్టులు పెట్టిన మనిషికి కవితలో లైను ఎక్కడ విరుగుతుందో పట్టలేదు.

"చదవకుండానే అతికించారన్నమాట," అంది.

అచ్చిబాబు ముఖంలో నవ్వు పోయింది. "మీ పార్టీ బయట వ్యానులో కూర్చుని ఉన్నాడు కదా. ఆ పోస్టులు ఆవిడవి కావని చెప్పేశారా అతనికి?"

"చెప్పాను."

"అయితే వాడి ప్రాణం మీరే తీశారు. నేను ఆశ పెట్టాను, మీరు తుంచారు. ఎవరు మంచివాళ్ళో వాణ్ణే అడగండి."

ఆ మాట ఆమెకు తగిలింది. తగిలినట్టు కనబడనివ్వలేదు. "సోమవారం లోపల ఆవిడ దొరకాలి మీకు. అందుకేగా ఇదంతా?"

అచ్చిబాబు గడియారం చూసుకుని లేచాడు. గుమ్మంలో నిలబడి ఉన్న స్త్రీతో, "అమ్మా, నాకు పనుంది, వెళ్తున్నాను. ఈవిణ్ణి పంపించేసి తలుపు వేసెయ్యండి," అన్నాడు. ఆమె తలూపింది. బయట కారు స్టార్టయిన చప్పుడు, గేటు తీసిన చప్పుడు వినిపించాయి.

ఆ స్త్రీ సూర్యకళ, బుల్లిరాజు భార్య. జరీ చీర, చేతుల నిండా గాజులు. మనిషి మాత్రం ఎవరి ఇంట్లోనో ఉన్నట్టు గోడవారగా నిలబడింది.

"నన్ను పంపించేయమన్నారుగా," అంది రాజరాజేశ్వరి.

"కాసేపు కూర్చోండి. ఎండగా ఉంది." సూర్యకళ మిల్లు వెనకే ఉన్న ఇంట్లోంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "భానుతేజగారిని కూడా లోపలికి రమ్మనండి. ఆయన నన్ను అక్కయ్యా అని పిలుస్తారు. బయట కూర్చోబెట్టడం బాగోదు."

భానుతేజ వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. రాజరాజేశ్వరి అడగడం మొదలుపెట్టింది.

"అచ్చిబాబు ఎన్నాళ్ళ నుంచి వస్తున్నాడమ్మా?"

"జులై మొదట్నుంచీ అండి. రోజూ వచ్చి ఈ మిషను ముందు కూర్చుంటాడు."

"ఏం చేస్తాడు?"

"నాకు తెలీదండి. మా ఆడపడుచు ఫ్లాపీ, తను పాస్‌వర్డు రాసుకున్న చీటీ మావారే తీసిచ్చారు. నిన్న మాత్రం మావారితో ఫోనులో, ఇన్నాళ్ళకి కదిలిందండీ అన్నాడు. ఏం కదిలిందో చెప్పలేదు."

"సాయిదుర్గ వెళ్ళేముందు మీతో ఏమైనా అందా?"

సూర్యకళ భానుతేజ వైపు చూసింది.

"వాళ్ళ అన్న చెప్పాడండి దుర్గతో. నువ్వు కోర్టుకి ఎక్కితే నీ మొగుడి లారీ ఒరిస్సా నుంచి తిరిగి రాదు అని. ఆ రాత్రి నా దగ్గర కూర్చుని ఏడ్చింది. నేను ఆయన పక్కన లేకపోతేనే ఆయన బతుకుతారు వదినా, కోర్టు రోజు మాత్రం ఎక్కడున్నా వస్తాను అంది. మర్నాడు పొద్దున్న లేదు."

భానుతేజ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేలవైపు చూస్తూ ఉండిపోయాడు. ఐదు నెలలుగా తను అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి. "నాతో ఒక్క మాట చెబితే లారీ అమ్మేసేవాణ్ణి కదండీ," అన్నాడు చివరికి. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు.

రాజరాజేశ్వరి కంప్యూటర్ ముందు కూర్చుంది. మౌసు మీద చెయ్యి వేయగానే కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి ఆగింది.

"మధ్యాహ్నం పూట రెండు గంటలు తీసేస్తున్నారండి," అంది సూర్యకళ.

చేసేదేమీ లేదు. ఆ ఉక్కలో కూర్చుని రాజరాజేశ్వరి ఆలోచించింది. అచ్చిబాబు ఈ కవితలు ఎందుకు పెట్టాడు? పోలీసుల కోసం కాదు. వాళ్ళు ఎప్పుడో మానేశారు. మొగుడి కోసం కాదు. అతని దగ్గర ఏమీ లేదని అచ్చిబాబుకు తెలుసు. ఇక మిగిలింది ఒక్క మనిషి. ఎక్కడో దాక్కుని, ఏదో నెట్ సెంటర్లో ఆ ఫోరం చూసుకునే మనిషి. తను ఎవరికీ చూపించని రాతలు తన పేరుతోనే బయటపడుతుంటే ఆమె ఎంతకాలం ఊరుకోగలదు? ఎప్పుడో ఒకప్పుడు కదలాలి.

నిన్న కదిలిందని అచ్చిబాబు అన్నాడు.

కరెంటు వచ్చేసరికి రెండున్నర దాటింది. మోడెము కీచుమంటూ ఫోను లైను పట్టుకోవడానికి ఇంకొంత సేపు తీసుకుంది. పడవరేవు తెరుచుకుంది. తెరుచుకుంటూనే ఎవరి పేరుతోనో లోపలికి వెళ్ళిపోయింది. పేరు గుర్తుంచుకోమన్న గడిలో టిక్కు తీయడం అచ్చిబాబు మరిచిపోయాడు. ఆ పేరు సాయిదుర్గది కాదు. ఫోరం నడిపేవాళ్ళదే అనిపించేలా పెట్టుకున్న దొంగపేరు, 'ఫోరం సహాయం' అని ఉంది.

రాజరాజేశ్వరి ముందు, పోస్టు పెట్టడంలో ఇబ్బందులు అడిగే విభాగం తెరిచింది. చాలామంది గోలపెట్టారక్కడ. ఒకరికి అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయి. ఇంకొకరికి ఒత్తులు విడిపోతున్నాయి. వాళ్ళ మధ్య మొన్న సోమవారం చేరిన 'ఉప్పుగాలి' అనే పేరు. ప్రశ్న చిన్నది.

'ఆదివారం సాయిదుర్గగారి పేరుతో వచ్చిన కవితలో లైన్లన్నీ కలిసిపోయాయి. నేనొక పాఠకురాలిని. దయచేసి సరిచేయండి. అది ఇలా ఉండాలి.'

కింద, కవిత మీట నొక్కి పెట్టిన నాలుగు లైన్లు.

భారంగా గాలి వీచినా నీ అడుగే అనుకుంటాను
నువ్వు కాదని తెలిశాక దీపం తగ్గిస్తాను
తేలిగ్గా అనేశావు, తెల్లారేసరికి వస్తానని
జల్లు కురిసి వెలిసింది, గుమ్మం ఇంకా ఆరలేదు

రాజరాజేశ్వరి భానుతేజ కాగితాల్లో చివరిది తీసి పక్కన పెట్టింది. మిగతా ఆరింటిలో గుర్తుల చెత్త ఉంది. ఈ ఏడోదాంట్లో లేదు. చెత్త అసహ్యంగా ఉందని అచ్చిబాబు దీంట్లో మాత్రం వాటిని తుడిచేసినట్టున్నాడు. వాటితోపాటు లైన్లూ పోయాయి. మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి పేరాలాగా దొర్లిపోయాయి.

ఆరుసార్లు ఊరుకున్న మనిషి ఏడోసారి ఎందుకు ఊరుకోలేకపోయింది?

ఆమె తెర మీది లైన్లను పైనుంచి కిందికి చూసింది. తరవాత కాగితం తిప్పి పెన్నుతో నాలుగు అక్షరాలు రాసింది. ప్రతి లైనులో మొదటి అక్షరం.

"భానుతేజగారూ, ఇలా రండి. ఇది చదవండి."

అతను వంగి చూశాడు. భా. ను. తే. జ.

మళ్ళీ తెర చూశాడు. వేలు పెట్టి ఒక్కో లైను మొదలునూ తాకాడు. సూర్యకళ కూడా దగ్గరికి వచ్చి చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు ఎవరో కనిపెట్టమన్నారు," అంది రాజరాజేశ్వరి. "నోటితో అనలేనిది రాతలో అంది. లైన్లు కలిసిపోయేసరికి మీ పేరు పోయింది. మిగతావన్నీ ఎలా పెట్టినా ఓర్చుకుంది. ఇది ఓర్చుకోలేకపోయింది. ఆ లైన్లు ఎక్కడ విరగాలో రాసిన మనిషికే తెలుసు. మొన్న సోమవారం నాటికి ఆవిడ బతికే ఉంది. ఈ మాట ఇప్పుడు చెప్పగలను."

భానుతేజ ఏడుస్తున్నాడు. తుడుచుకోవడం లేదు. "నేనేమో ఇంకెవరో అనుకున్నానండి," అన్నాడు. "ఎవరైనా సరే అనుకుని పెద్దమనసు చేసుకున్నాను. నా పేరు పెట్టి రాసుకుంటే, ఇంకెవరో అనుకున్నాను."

రాజరాజేశ్వరికి అతన్ని ఓదార్చే తీరిక లేదు. ఉప్పుగాలి ప్రశ్న కింద 'ఫోరం సహాయం' పేరుతో జవాబు ఉంది. 'వివరాలు మీకు విడిగా పంపాను, చూసుకోండి' అని. మిషను ఆ పేరుతోనే లోపలికి వెళ్ళింది కాబట్టి విడిగా పంపినవీ తెరుచుకున్నాయి.

అచ్చిబాబు నమ్మకంగా రాశాడు. ఆ పోస్టులు ఎవరో దొంగతనంగా పెట్టినట్టు తమకు అనుమానంగా ఉందనీ, తీసేయాలంటే పాఠకుల్లో ఒకరి ఫిర్యాదు కావాలనీ, ఎలా చేయాలో ఫోనులో చెబుతామనీ, నంబరు ఇవ్వమనీ. దానికి నిన్న రాత్రి జవాబు వచ్చింది.

'ఇది నెట్ సెంటర్ నంబరండి. రేపు మూడింటికి వస్తాను. అప్పుడు చెయ్యండి.'

నంబరు ముందున్న కోడ్ చూడగానే రాజరాజేశ్వరికి ఊరు తెలిసిపోయింది. నర్సాపురం వైపుది. ఆమె సెల్లు తీసి ఎంక్వైరీలో పనిచేసే పాత స్నేహితురాలికి నంబరు చదివింది. సమాధానం వెంటనే వచ్చింది. మొగల్తూరు, చిట్టియ్య నెట్ సెంటర్. మొగల్తూరు పోలీస్ స్టేషన్ నంబరు కూడా అడిగి తీసుకుంది.

గోడ గడియారం మూడుకు దగ్గరగా ఉంది. అచ్చిబాబు ఇక్కడ నుంచి పన్నెండు దాటగానే బయల్దేరాడు. మొగల్తూరుకు అంత సమయం చాలు.

"ఇంటర్నెట్ కట్ చెయ్యండమ్మా," అంది సూర్యకళతో. "ఫోను కావాలి."

సూర్యకళ మోడెము వైరు లాగేసి ఫోను ముందుకు జరిపింది. రాజరాజేశ్వరి నంబరు తిప్పి, రిసీవరు భానుతేజ చేతికిచ్చింది. సెల్లులో తను స్టేషన్‌కు చేయసాగింది.

అవతల ఎవరో ఎత్తారు. "నెట్ సెంటరండి."

"అక్కడ... ఒకావిడ వచ్చారా అండి? మూడింటికి ఫోను వస్తుందని..."

"వచ్చారండి. ఇక్కడే కూర్చున్నారు. అమ్మా, మీకే."

కుర్చీ జరిగిన చప్పుడు. రిసీవరు చేతులు మారింది.

"హలో? ఫోరంవాళ్ళాండీ?"

భానుతేజ కళ్ళు మూసుకున్నాడు. ఆ గొంతు కోసం అతను ఈ ఐదు నెలల్లో లారీ కేబిన్లో ఒంటరిగా ఎన్నిసార్లు చెవి రిక్కించాడో అతనికే తెలుసు.

"దుర్గా," అన్నాడు.

అవతల కుర్చీలో కూలబడిన చప్పుడు. తరవాత మెల్లగా, "ఏమండీ," అంది ఆమె.

"నేనే."

"అన్నం తింటున్నారా?"

"తింటున్నాను. నువ్వు?"

"ఊఁ." ఊపిరి పీల్చిన చప్పుడు. "మీరే వస్తారనుకున్నాను. మనిషిని పంపారేంటండీ?"

భానుతేజ కళ్ళు తెరిచాడు. "ఏ మనిషి?"

"బయట కారు ఆగి ఉంది. ఇందాక ఒకాయన లోపలికి వచ్చి, భానుతేజగారు పంపారమ్మా, సామాను ఉంటే తెచ్చుకోండి అన్నాడు. మెడలో కర్చీఫు..."

రాజరాజేశ్వరి అతని చేతిలోంచి రిసీవరు లాక్కుంది. "అమ్మా, నా పేరు రాజరాజేశ్వరి. మీ ఆయన తరపు మనిషిని. ఆ కారు మీ అన్న పంపింది. బయటికి అడుగు పెట్టకండి. సెంటర్ ఆయనతో లోపలినుంచి షట్టరు దించించండి. ఇప్పుడే."

సాయిదుర్గ ఇంకేమీ అడగలేదు. "చిట్టియ్యగారూ, షట్టరు దించండి," అన్న మాట వినిపించింది. ఇనుప షట్టరు గలగలమంటూ కిందికి దిగి నేలను కొట్టుకుంది. వెంటనే బయటినుంచి ఎవరో దానిమీద చేత్తో బాదడం మొదలుపెట్టారు.

రాజరాజేశ్వరి రిసీవరు తిరిగి భానుతేజకిచ్చి, సెల్లు చెవికి పెట్టుకుంది. మొగల్తూరు స్టేషన్ రైటరు లైనులోకి వచ్చాడు. హత్య కేసులో సాక్షి, ఎత్తుకుపోయే ప్రయత్నం, చిట్టియ్య నెట్ సెంటర్. ఆమె మూడు ముక్కల్లో చెప్పింది. "పక్క వీధే అండి. మనవాళ్ళు బయల్దేరుతున్నారు. మీరు లైనులోనే ఉండండి," అన్నాడు రైటరు.

"భయపడకు," అంటున్నాడు భానుతేజ. "మాట్లాడుతూ ఉండు. పోలీసులు వస్తున్నారు. ఆ కవిత చూశాను దుర్గా. నా పేరు చూశాను."

"చూశారా," అంది ఆమె. బాదుడు శబ్దంలోనూ ఆ గొంతులో ఏదో తేలికపడినట్టు అతనికి వినిపించింది. "ఏమండీ, నేను..."

లైను తెగిపోయింది.

భానుతేజ రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. "దుర్గా? దుర్గా?"

రాజరాజేశ్వరి తల తిప్పింది. గుమ్మం లోపల బుల్లిరాజు నిలబడి ఉన్నాడు. కాకినాడ నుంచి ఎప్పుడొచ్చాడో, కారు చప్పుడు ఎవరూ వినలేదు. గోడలోంచి పీకేసిన ఫోను వైరు అతని చేతికి చుట్టుకుని ఉంది. రెండో చేత్తో తలుపు మూసి గడియ పెట్టాడు.

"నా ఇంట్లో కూర్చుని నా మీదే వేషాలా," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఏం బావగారూ, దొరికిందా మీ ఆవిడ? దొరికితే ఏమవుతుందండి? ఒక్క ఆడమనిషి మాట. పెళ్ళాం మాట మొగుడు నమ్మొచ్చు గానీ కోర్టు నమ్మక్కర్లేదు. చూసినవాళ్ళు ఇంకెవరున్నారని?"

గోడవారగా నిలబడిన సూర్యకళ గాజులు కదిలాయి.

"నేనున్నానండి," అంది.

బుల్లిరాజు ఆమె వైపు తిరిగాడు. చాలాకాలంగా చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

"ఆ రోజు అబ్బులుకి క్యారేజీ ఇవ్వడానికి నేనే వచ్చాను బాయిలర్ దగ్గరికి," అంది సూర్యకళ. మాట వణుకుతోంది గానీ ఆగడం లేదు. "వాడి పెళ్ళానికి ఒంట్లో బాగోలేదని అన్నం నేను పంపేదాన్ని. మీరు పార ఎత్తడం చూశాను. వాడు కిందపడ్డాక కూడా మీరు ఆపలేదు. దుర్గ గుమ్మంలో నిలబడింది కాబట్టి మీకు కనబడింది. నేను బస్తాల వెనక ఉన్నాను, కనబడలేదు. ఏడు నెలలు మీ కంచంలో వడ్డించాను. ఇంక వడ్డించలేను."

బుల్లిరాజు చేతికి చుట్టుకున్న వైరు విప్పుకుంటూ భార్య వైపు అడుగు వేశాడు. భానుతేజ రిసీవరు వదిలేసి ఇద్దరి మధ్యా వచ్చి నిలబడ్డాడు. అతని ఎత్తూ భుజాలూ చూసి బుల్లిరాజు ఆగాడు.

రాజరాజేశ్వరి సెల్లు చెవి దగ్గర నుంచి తీసి టేబుల్ మీద, సూర్యకళ ముందు పెట్టింది. లైను కట్ కాలేదు.

"విన్నారా రైటరుగారూ?"

"విన్నానండి," అంది సెల్లులోని గొంతు, సన్నగా. "రాసుకుంటున్నాను. ఆవిణ్ణి మళ్ళీ ఒకసారి చెప్పమనండి, పేరుతో సహా."

సూర్యకళ భర్త ముఖంలోకి చూస్తూనే టేబుల్ మీదికి వంగింది.